అరవై వేల గీత

ఆలివ్ కాయల పరిశోధనశాలలో ఆమెను అందరూ జెల్లక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది. ఆ పేరు పక్కన ‘తాత్కాలికం’ అని కూడా ఉండేది. ఆ మాట రాసిన గుమాస్తా రిటైరయ్యాడు, అతని తరువాత వచ్చినవాడికి బట్టతల వచ్చింది, తాత్కాలికం మాత్రం పందొమ్మిదేళ్ళుగా చెక్కుచెదరలేదు.

ఆమె పని ప్రొటీన్లను తూచడం. మన తక్కెడకు అందే బరువులు కావవి. కాయ గుజ్జును చల్లటి అసిటోన్‌లో వేసి, నూనె, చేదు, రంగు వదిలేదాకా ఏడుసార్లు కడిగితే తెల్లటి పొడి మిగులుతుంది. ఆ పొడిని ట్యూబులో ద్రావణంతో కలిపి, మరిగించి, రెండు గాజు పలకల మధ్య పేరబెట్టిన పల్చటి జెల్లులో పోయాలి. జెల్లు పై అంచున దువ్వెన పళ్ళు దిగినట్టు పది గుంటలుంటాయి. కరెంటు పెట్టగానే ప్రొటీన్లు కిందికి పరుగు తీస్తాయి. చిన్నవి సందులు దూరి ముందుకు పోతాయి, పెద్దవి ఇరుక్కుంటూ వెనకబడతాయి. మొదటి గుంటలో బరువు ముందే తెలిసిన ప్రొటీన్లు పోస్తారు, అవి నిచ్చెన మెట్లలా వరసగా నిలుస్తాయి. కాయలోని ప్రొటీను ఏ మెట్టు పక్కన ఆగిందో స్కేలుతో కొలిచి, గ్రాఫు కాగితం మీద గీత గీస్తే దాని బరువు తెలుస్తుంది. ఇరవై ఒక్క వేల డాల్టన్లు, ముప్ఫై రెండు వేలు, ఇలా.

బళ్ళో పదో తరగతితో ఆగిపోయిన జెల్లక్క ఇదంతా కళ్ళతో చూసి, చేతులతో నేర్చుకుంది. ఆ చేతుల గురించి రెండు మాటలు చెప్పాలి. ట్యూబుల మూతలు కడిగి కడిగి వదులైపోయాయి, కొత్తవి అడిగితే స్టోరువాడు వచ్చే ఏడాది అనేవాడు. అందుకని ఆమె మూత మానేసి, ట్యూబు మూతి మీద బొటనవేలు అదిమి, తలకిందులు చేసి నాలుగుసార్లు కుదిపేది. చుక్క కారేది కాదు. “జెల్లక్క బొటనవేలికి మించిన మూత ఇంకా కనిపెట్టలేదు” అని పెద్దసారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ మాటకి ఆమె సంబరపడేది.

గ్లౌజులు లేవా అంటే ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి, బీరువాకి తాళం ఉంది. పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే తాళం తీసి తలా ఒక జత ఇచ్చి, ఫొటో అయ్యాక లెక్కపెట్టుకుని వెనక్కి తీసుకునేవాళ్ళు. పేరుకోని జెల్లు ద్రవం చర్మంలోకి దిగి నరాలను మొద్దుబారుస్తుందని సీసా మీద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది. ఆ అక్షరాలు ఆమెకు చదివి వినిపించినవాళ్ళు లేరు. ఆమె వేళ్ళ కొసలకు స్పర్శ పోయి చాలాకాలమైంది. ఇంట్లో దాన్ని రోగం అనుకోలేదు, గొప్ప అనుకున్నారు. “మా పెద్దదానికి మసిగుడ్డ అక్కర్లేదు, ఉడుకుతున్న గిన్నెని ఒట్టి చేత్తో దించేస్తుంది” అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పుకునేది.

ఆ ఇంటికి చిన్నకోడలు వచ్చింది. సైన్సులో డిగ్రీ చదివిన పిల్ల. ఏడాది తిరక్కుండానే “దీన్ని కూడా నీతో పాటు తీసుకుపోవే, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది” అంది అత్తగారు. జెల్లక్క పెద్దసారుతో మాట్లాడి తోడికోడల్ని తన బల్ల పక్కనే చేర్పించింది. పిపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ తనే నేర్పింది. మొదటి మూడు నెలలూ ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో, ఒకే క్యారేజీతో వెళ్ళొచ్చారు. ఆ తరువాత ఏకులా వచ్చింది మేకైంది.

చిన్నది చేసింది పెద్ద నేరమేమీ కాదు. పని బాగా చేసింది. ఆమె జెల్లుల్లో గీతలు దారం లాగి పెట్టినట్టు సన్నగా, తిన్నగా వచ్చేవి. పెద్దసారు ఒక నెలలో ఆమెతో పదకొండుసార్లు “బాగుంది” అన్నారు. జెల్లక్క లెక్కపెట్టింది. తనతో పందొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు అన్నారు. ఆ నాలుగూ ఏ రోజు, ఏ జెల్లుకి అన్నారో కూడా ఆమెకు గుర్తే. ఇక ఆ పిల్ల సొంత డబ్బులతో నీలం రంగు గ్లౌజుల డబ్బా కొని తెచ్చుకుంది. రోజూ ఉదయం వాటిని తొడుక్కునేటప్పుడు వచ్చే టప్‌మన్న చప్పుడు జెల్లక్కకు చెంపమీద కొట్టినట్టు వినిపించేది.

“నువ్వూ ఒక జత వేసుకో అక్కా.”

“నా చేతులేమన్నా పెళ్ళికూతురి చేతులా?”

“అది కాదక్కా. ఈ సీసా మీద ఏం రాశాడో చదివావా?”

“సీసాలు చదువుకుంటూ కూర్చుంటే జెల్లు ఎవరు పోస్తారు?”

ఇంటికొస్తే అక్కడా అదే వరస. చిన్నకోడలు కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే అత్తగారు ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని “చూడవే పెద్దదానా, ఎనిమిది గంటలు మందుల్లో నానినా ఎంత మెత్తగా ఉందో. నీది పట్టుకుంటే తాటిమట్ట పట్టుకున్నట్టుంటుంది” అనేది. నవ్వుతూనే అనేది. నవ్వుతూ అన్న మాటకి ఎదురు చెప్పడం ఇంకా కష్టం. జెల్లక్క కడుపులో రాజుకున్న మంటకి పొగ బయటికి రాకుండా పొయ్యి దగ్గరికి పోయి నిలబడేది.

దీన్ని ఓర్వలేనితనం అంటారు, ఆడదానికి ఆడదే శత్రువు అని సామెత కూడా చెబుతారు. ఉన్నది ఒక్క కుర్చీ అయితే, నిలబడ్డది ఇద్దరైతే, కుర్చీ ఒక్కటే ఎందుకు వేశారని మాత్రం ఎవరూ అడగరు.

ఆ కుర్చీ నిజంగానే వచ్చింది. ఒక పర్మనెంటు పోస్టు మంజూరైందని పెద్దసారు ఇద్దర్నీ పిలిచి చెప్పారు. గురువారం కమిటీ కూర్చుంటుంది.

“ఒక్కటే ఇచ్చారు. నేనేం చేయను” అన్నారాయన. “నాకు కావలసింది ఒకటే. మన అరవైని నిలబెట్టే చెయ్యి.”

మన అరవై అంటే అరవై వేల బరువు చూపించే గీత. ఆరేళ్ళ కిందట జెల్లులకు వెండి ద్రావణంతో రంగు వేయడం మొదలుపెట్టారు. పాత నీలిరంగుకు దొరకని సన్నటి గీతలు కూడా వెండికి దొరుకుతాయి. అప్పుడే జెల్లక్క చేతిలో ఈ అరవై బయటపడింది. ఆలివ్ కాయలో ఇలాంటిది ఇంకెవరికీ కనిపించలేదని పెద్దసారు రెండు వ్యాసాలు రాశారు. వ్యాసాల్లో జెల్లక్క పేరు లేదు. గోడకి తగిలించిన జెల్లు ఫొటోలో మాత్రం గాజు పలక పట్టుకున్న ఆమె వేళ్ళు రెండు కనిపిస్తాయి. వచ్చినవాళ్ళకి ఆ ఫొటో చూపించి “ఆ వేళ్ళు నావే” అని చెప్పుకునేది.

పెద్దసారు ఇద్దరికీ ఒకే సంచిలోంచి కాయలిచ్చారు. జెల్లక్క జెల్లులో అన్ని గీతలతో పాటు అరవై వచ్చింది. చిన్నదాని జెల్లులో అన్నీ వచ్చాయి, అరవై రాలేదు. రెండోసారీ రాలేదు, మూడోసారీ రాలేదు.

“కడగడం ఎక్కువైనట్టుంది, పోగొట్టేస్తున్నావమ్మా” అన్నారు పెద్దసారు. బాగుంది అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం జెల్లక్క క్యారేజీలో ఎక్కువ వాటా తోడికోడలికే వేసింది. గెలిచేవాళ్ళకి చెయ్యి ధారాళం.

“అక్కా” అంది చిన్నది ముద్ద నోట్లో పెట్టుకోకుండానే, “ఆ గీత నా దగ్గర రాలేదంటే, నేను పోగొట్టాననేనా?”

“మరి నేను తెచ్చి పెట్టానా?”

చిన్నది ఆమె వైపు ఒకసారి చూసి, తల వంచుకుని తినేసింది.

ఆ చూపు జెల్లక్కకు నచ్చలేదు. జాలిలా అనిపించింది. తను జాలిపడాల్సిన చోట అది జాలిపడటమేమిటి? దీని సంగతి కమిటీకి ముందే తేల్చేయాలనుకుంది. బుధవారం పొద్దున చిన్నది ఇంకో గదిలో కాయలు కడుగుతుంటే, ఫ్రిజ్ తెరిచి ఆమె పేరున్న పొడి డబ్బా తీసింది. దీని పొడినే నా చేత్తో నడిపిస్తా, అరవై వస్తుంది, అప్పుడు లోపం పొడిలో ఉందా చేతిలో ఉందా అన్నది సారే చూస్తారు అనుకుంది. మనసులో ఆ మాట రెండుసార్లు అనుకుని చూసుకుంది, బాగుంది.

ప్రతి జెల్లులోనూ ఒక గుంట వట్టి ద్రావణానికి. అందులో కాయ ఉండదు, పొడి ఉండదు. అక్కడ తెల్లగా ఉంటే మిగతా గుంటల్ని నమ్మొచ్చు. పొడి లేదు కాబట్టి ఆ ట్యూబును కుదిపే పనీ లేదు. ఇన్నేళ్ళుగా జెల్లక్క దాన్ని కుదపకుండానే మరిగించి పోసేది. ఆ రోజు ఆమె మనసు పని మీద లేదు, పక్కగదిలోంచి వినిపిస్తున్న నీళ్ళ చప్పుడు మీద ఉంది. అది ఆగేలోపు పని కావాలి. స్టాండులో ఉన్న ట్యూబుల్ని వరసగా తీసి, ఒక్కోదాని మూతి మీద బొటనవేలు అదిమి, కుదిపి పెట్టేసింది. వట్టి ద్రావణం ట్యూబును కూడా.

జెల్లు దిగింది. మధ్యాహ్నానికి ట్రేలో వేసి వెండి రంగు పట్టించి, ఆఖరి ద్రావణం పోసి, ట్రేని అటూ ఇటూ ఊపుతూ నిలబడింది. ఈ ఘడియ అంటే ఆమెకు ఇష్టం. తెల్లటి జెల్లులోంచి గీతలు ఒక్కొక్కటే గోధుమరంగులో పైకి తేలతాయి. ముందు నిచ్చెన తేలింది. పక్కన చిన్నదాని పొడి గుంటలో ఇరవై ఒకటి, ముప్ఫై రెండు, ఆ పైన అరవై. చిన్నదానికి మూడుసార్లు రాని అరవై, దాని పొడిలోనే, తన చేతిలో.

“రావే” అంది జెల్లక్క జెల్లుతో, “రా, వచ్చి చెప్పు.”

ఆ నవ్వు పెదాల మీద ఉండగానే పక్క గుంట కింద ఏదో మసక కనిపించింది. తెల్లగా ఉండాల్సిన వట్టి ద్రావణం గుంట అది. ట్రే ఊపుతున్న చెయ్యి ఆగలేదు. మసక చిక్కబడింది, గీతయింది. ఒక్కటే గీత.

పక్క గుంటలోంచి ఒలికి ఉంటుంది అనుకుంది. ఒలికితే ఇరవై ఒకటీ ఒలకాలి, ముప్ఫై రెండూ ఒలకాలి. అవి లేవు. జెల్లు కడిగి, అడుగునుంచి వెలుతురు వచ్చే గాజు పెట్టె మీద పరిచి, స్కేలు పెట్టింది. ప్రొటీన్లన్నిటికంటే ముందు పరిగెత్తే నీలంరంగు ఆగిన చోట సూదితో పెట్టుకున్న గుర్తు డెబ్బై రెండు మిల్లీమీటర్ల దగ్గరుంది. పొడి గుంటలో అరవై ఇరవై ఏడు మిల్లీమీటర్ల దగ్గర. పక్క గుంటలో ఆ ఒంటరి గీతా ఇరవై ఏడే. మళ్ళీ కొలిచింది. పందొమ్మిదేళ్ళ కొలత, తప్పు పోదు.

కాయ లేని చోట కాయ గీత ఎలా వచ్చింది? ఈ ట్యూబుకి ఎప్పుడూ చెయ్యనిది ఇవాళ తను ఏం చేసింది? జెల్లక్క తన కుడిచేతి బొటనవేలి వంక చూసింది. బెరడులా పొలుసులు లేచి ఉంది.

వెనక తలుపు చప్పుడైంది. చిన్నది వచ్చి, పెట్టె మీద జెల్లు చూసింది. ఒక్క క్షణం నిలబడి, బల్ల మీదున్న పాత కాగితం తీసి జెల్లు మీద కప్పింది. ఏమిటని అడగలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. జెల్లక్కకు అదే తగిలింది.

“నీకు తెలుసా?”

“తెలుసక్కా.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన నెల నుంచి. గ్లౌజు తీసేసి నా వేలు పెట్టి చూశాను. నాదీ అక్కడికే దిగింది. ఎవరి వేలైనా అంతే అక్కా, చర్మంలో ఉండే ప్రొటీను అది.”

ఎవరి వేలైనా అంతే. గోడమీది ఫొటోలో ఆ రెండు వేళ్ళు జెల్లక్క కళ్ళముందు మెదిలాయి. ఆరేళ్ళుగా తన చేతికే పలుకుతుందనుకున్న గీత, ఎవరు ముట్టుకున్నా పలికేదే.

“మరి సారు పోగొట్టావన్నప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“ఆ పోస్టు నీకు రావాలక్కా. పందొమ్మిదేళ్ళు చేశావు. నాకేం, ఇంకో రెండేళ్ళు చూసుకుంటాను.”

ఈ మాట విని మనసు కరిగిపోయిందని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. జరిగింది అది కాదు. జెల్లక్క అరికాలి మంట నెత్తికెక్కింది. గీతలు సన్నగా గీసింది, సరే. చేతులు మెత్తగా ఉంచుకుంది, సరే. అత్తగారి ఒళ్ళో చోటు సంపాదించింది, అదీ సరే. ఆఖరికి మంచితనంలో కూడా తనను దాటిపోవాలా? తన కుర్చీని తనకే దానం చేసి, రేపట్నుంచి అదే బస్సులో, అదే సీట్లో, ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చుంటుందా? బతికినంతకాలం ఆ జాలి చూపు కింద అన్నం తినాలా?

“నాకు పెట్టడానికి నువ్వెవరివే?” అంది. కాగితం తీసి పారేసి, జెల్లును ట్రేలోకి జార్చుకుని, పెద్దసారు గదికి నడిచింది.

పెద్దసారు జెల్లు చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు. ఆమె చెప్పింది మొత్తం విన్నాక లేచి తలుపు దగ్గరగా వేశారు.

“ఇది ఇంకెవరైనా చూశారా?”

“మా తోడికోడలు.”

“ఆ అమ్మాయి చెప్పే మనిషి కాదు” అని కూర్చున్నారు. “చూడు జెల్లక్కా, రెండు వ్యాసాలు బయటికెళ్ళాయి. రేపు కమిటీ ఉంది. ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వడం? పోస్టు నీకే రాస్తాను. తరువాత నెమ్మదిగా చూద్దాం.”

అద్దం కిటికీ అవతల చిన్నది సింకు దగ్గర నిలబడి ట్రేలు కడుగుతోంది. ఇటు చూడటం లేదు. చూడకపోవడంలో కూడా ఒక పెద్దరికం ఉన్నట్టు అనిపించింది జెల్లక్కకు.

“ఆమె వదిలేసింది. మీరు వడ్డిస్తానంటున్నారు” అంది. “నాకు ఎంగిలి అలవాటు లేదు సార్.”

“తొందరపడకు.”

“పందొమ్మిదేళ్ళు తొందరపడలేదు.”

గురువారం కమిటీలో పెద్దసారుతో కలిపి నలుగురు కూర్చున్నారు. నీకేం వచ్చో చెప్పమ్మా అన్నారు. జెల్లక్క పారదర్శక కాగితాల మధ్య ఆరబెట్టిన జెల్లును బల్ల మీద పెట్టింది. ఆమె మాట్లాడింది నాలుగు నిమిషాలు కూడా లేదు.

“ఇది ఇరవై ఒకటి, ఇది ముప్ఫై రెండు. ఈ రెండూ కాయవి, ఎవరైనా కొలుచుకోవచ్చు. ఈ అరవై కాయది కాదు. నా చర్మానిది. ట్యూబుకి మూత లేక నా వేలు పెట్టాను, వేలికి తొడుగు లేక చర్మం అందులో పడింది. గ్లౌజులు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఈ సారు దగ్గరుంది. ఆరేళ్ళుగా మీరు కాయ అని తూచింది నన్నే. మా తోడికోడలు ఏమీ పోగొట్టలేదు. దాని జెల్లే సరైనది.”

ఆఖరి రెండు వాక్యాలూ చెప్పేటప్పుడు ఆమె గొంతు పట్టేసింది. బాధకేమో అనుకుని కమిటీలో ఒకాయన మంచినీళ్ళు ఇచ్చాడు. మెచ్చుకోలు మాట నోట్లోంచి రావడానికి అంత కష్టపడిందని ఆయనకేం తెలుసు.

పోస్టు చిన్నదానికి ఇచ్చారు. జెల్లక్క పేరు పక్కన తాత్కాలికం అలాగే ఉంది. రెండు వ్యాసాల గురించి పెద్దసారు ఏదో సవరణ రాస్తున్నానన్నారు, రాస్తూనే ఉన్నారు. బీరువా తాళం మాత్రం ఆ మధ్యాహ్నమే తీశారు, ఎందుకంటే కమిటీవాళ్ళు వెళ్ళేముందు దాన్ని చూపించమన్నారు. ఊడ్చే మనిషితో సహా పదకొండుమందికీ తలా ఒక డబ్బా వచ్చింది. ఊడ్చే ఆమె గ్లౌజు వేసుకుని, వేళ్ళు ఆడించి చూసుకుని, “ఫొటోకి ఎవరొస్తున్నారు?” అని అడిగింది.

సాయంత్రం బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు అడిగింది.

“ఉద్యోగం ఎవరికే?”

“దానికే. నేనిచ్చాను” అంది జెల్లక్క.

“ఇవ్వడానికి అదేమన్నా నీ పుట్టింటి ఆస్తా?”

“అవునత్తయ్యా, అక్కే ఇచ్చింది” అంది చిన్నది.

జెల్లక్క గిర్రున తిరిగి ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహంలో నవ్వు కోసం వెతికింది, జాలి కోసం వెతికింది. రెండూ దొరకలేదు. అలసట ఉంది, అంతే. అది చూశాక ఆమెకు కాస్త ఊపిరాడింది.

పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది. జెల్లక్క అలవాటుగా ఒట్టి చేతులు చాపింది. చిన్నది మేకుకున్న మసిగుడ్డ తీసి మధ్యలో అడ్డం పెట్టింది. అత్తగారు చూస్తూ ఉంది. జెల్లక్క ఒక నిమిషం ఆ గుడ్డ వంకే చూసి, తీసుకుని, రెండు మడతలు వేసి గిన్నె దించింది.

“ఈ గుడ్డ కూడా నువ్వే అందించాలా?” అంది.